అచ్చుకాని రాయబారాలు

ఐర్లండ్ గురించి నాయకులు సభల్లో చెప్పిన మాటలు పేపర్లలో అచ్చయ్యాయి. చాటుగా పంపుకున్న మాటల్లో కొన్నింటిని మోసింది ఆ పేపర్ల యజమానులే.

1922 మార్చి 29 రాత్రి. అర్ధరాత్రి దాటింది. డబ్లిన్ నగరం, టౌన్‌సెండ్ వీధి. ఫ్రీమన్స్ జర్నల్ దినపత్రిక ప్రెస్సులోకి ఆయుధాలు పట్టుకున్న మనుషులు చొరబడ్డారు. పెద్ద సుత్తులతో అచ్చుయంత్రాలను విరగ్గొట్టారు, నిప్పు పెట్టారు, వెళ్లిపోయారు. వాళ్లు బ్రిటిష్ సైనికులు కారు. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం దేశద్రోహమని నమ్మిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ వర్గం వాళ్లు. తమ సమావేశం లోపలి సంగతులు ఆ పత్రిక బయటపెట్టిందని వాళ్లకు కోపం.

ఆ పత్రిక యజమాని మార్టిన్ ఫిట్జ్‌జెరాల్డ్. అసలు వృత్తి వైన్ వ్యాపారం. అంతకు పదిహేను నెలల ముందు, 1920 క్రిస్మస్ పండగ ఆయనకు మౌంట్‌జాయ్ జైల్లో గడిచింది. అప్పుడు జైల్లో పెట్టింది బ్రిటిష్ సైనిక న్యాయస్థానం. ఖైదీ మీద సైనికులు చేసిన దౌర్జన్యం గురించి వార్త వేయడం నేరమైంది. భాగస్వామి హామిల్టన్ ఎడ్వర్డ్స్, సంపాదకుడు పాట్రిక్ హూపర్ కూడా ఆయనతో పాటే లోపలికి వెళ్లారు. ఒకే పత్రికను రెండు పక్షాలూ కొట్టాయి. ఆ రెండు దెబ్బల మధ్య ఫిట్జ్‌జెరాల్డ్ చేసిన పని ఒకటుంది. డబ్లిన్ క్యాజిల్‌లో కూర్చున్న బ్రిటిష్ అధికారులకూ, తలదాచుకుని తిరుగుతున్న షిన్ ఫేన్ నాయకులకూ నడుమ మాటలు మోశాడు. ఆ రోజుల్లో అది ఆయన సొంత పత్రికలో కూడా వార్త కాలేదు.

రాయబారం అనగానే మనకు పాండవోద్యోగం గుర్తొస్తుంది. కృష్ణుడు కౌరవసభకు వెళ్లాడు. ఎవరి తరఫున వచ్చాడో సభలో అందరికీ తెలుసు. ఏమడిగాడో అందరూ విన్నారు, కాదన్నదెవరో కూడా విన్నారు. ఐర్లండ్ రాయబారాలకు అలాంటి సభ లేదు. పల్లెటూరి బంగళాల్లో, క్లబ్బుల్లో, భోజనాల బల్లల దగ్గర అవి నడిచాయి. రాయబారి ఎవరి మనిషో ఒక్కోసారి అతనికే తేలేది కాదు.

పత్రిక యజమానే ఎందుకు? ఎవరింటికైనా ఏ వేళలోనైనా వెళ్లడానికి ఆయనకు నెపం ఉంటుంది. మంత్రి తలుపు ఆయనకు తెరుచుకుంటుంది, మంత్రి పోలీసులు వెతుకుతున్న మనిషి తలుపూ తెరుచుకుంటుంది. ఆయన దగ్గర రెండు పక్షాలకూ కావలసిన సరుకు ఉంది. రేపటి సంపాదకీయం ఒకటి, రేపు అచ్చువేయకుండా ఆపగల వార్త మరొకటి. రెండోదే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

ఉత్తరాలు మోసిన లబూషేర్

కథ 1885లో మొదలుపెడదాం. ఆ చలికాలం ఎన్నికల్లో పార్నెల్ నాయకత్వంలోని ఐరిష్ పార్టీకి 86 సీట్లు వచ్చాయి. లండన్‌లో ఎవరు గద్దెనెక్కాలన్నా ఆ 86 మంది దయ కావాలి. ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇస్తానని లిబరల్ నాయకుడు గ్లాడ్‌స్టన్ ఇంకా నోరు విప్పలేదు. అప్పుడు రంగంలోకి దిగినవాడు హెన్రీ లబూషేర్. నార్తాంప్టన్ ఎంపీ, 1877లో తాను పెట్టిన ట్రూత్ వారపత్రికకు యజమాని. ఐరిష్ పార్టీలో టిమ్ హీలీకి, లిబరల్ పార్టీలో జోసెఫ్ చాంబర్లెయిన్‌కు, గ్లాడ్‌స్టన్ కొడుకు హెర్బర్ట్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వీళ్ల మాట వాళ్లకు, వాళ్ల మాట వీళ్లకు చేరవేశాడు.

అవతలివాళ్లు మెత్తబడుతున్నారని ప్రతి పక్షాన్నీ నమ్మించబోయాడన్న విమర్శ లబూషేర్ మీద ఉంది. చివరికి చాంబర్లెయిన్ లొంగలేదు. 1886 జూన్ 8న ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇచ్చే మొదటి హోం రూల్ బిల్లు 343-313 ఓట్లతో ఓడిపోయింది. లిబరల్ పార్టీ రెండు ముక్కలైంది.

లబూషేర్ పేరు చరిత్రలో మరో చోట కూడా వస్తుంది. ఈ కథనంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే ఘట్టం అదే. 1887 ఏప్రిల్ 18న లండన్ టైమ్స్ ఒక ఉత్తరం నకలు అచ్చేసింది. డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో 1882లో జరిగిన హత్యలను పార్నెల్ లోపల్లోపల సమర్థించాడని ఆ ఉత్తరం సారాంశం. కింద పార్నెల్ సంతకం. ఆ ఉత్తరాన్ని తయారుచేసి అమ్మిన రిచర్డ్ పిగట్ కూడా ఒకప్పటి పత్రికా యజమానే. డబ్లిన్‌లో ఐరిష్‌మన్ లాంటి జాతీయవాద పత్రికలు నడిపి, 1881లో వాటిని పార్నెల్ పక్షానికే అమ్ముకున్నాడు. పత్రికలు పోయాక అమ్మడానికి ఆయనకు మిగిలింది పార్నెల్ మనుషుల చేతిరాతలతో ఉన్న పరిచయమే.

ఆ ఆరోపణల మీద వేసిన విచారణ సంఘం ముందు 1889 ఫిబ్రవరిలో పార్నెల్ తరఫు న్యాయవాది చార్లెస్ రస్సెల్ పిగట్ చేతికి కాగితం ఇచ్చి కొన్ని మాటలు రాయమన్నాడు. వాటిలో తటపటాయింపు అనే అర్థమున్న ‘హెజిటెన్సీ’ ఒకటి. ఆ మాటలో పిగట్ ఒక అక్షరం తప్పు రాశాడు. టైమ్స్ చేతిలోని ఉత్తరాల్లోనూ అదే తప్పు ఉంది. రెండు రోజుల తర్వాత పిగట్ లబూషేర్ ఇంటికి వెళ్లి, జార్జ్ అగస్టస్ సాలా అనే పత్రికా రచయిత సాక్షిగా, దొంగ ఉత్తరాలు తానే రాశానని ఒప్పుకున్నాడు. దేశం విడిచి పారిపోయి, మార్చి 1న మాడ్రిడ్ హోటల్లో తుపాకీతో కాల్చుకున్నాడు. టైమ్స్ పార్నెల్‌కు 5,000 పౌండ్లు చెల్లించింది. విచారణ మొత్తానికి ఆ పత్రికకు సుమారు 2 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయంటారు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి దానికి చాలా ఏళ్లు పట్టింది.

వాళ్లు ఆ ఉత్తరాన్ని ఎందుకు నమ్మారన్నదే అసలు ప్రశ్న. స్వపరిపాలన ప్రయత్నం చెడిపోవాలని టైమ్స్ యాజమాన్యం గట్టిగా కోరుకుంది. కోరుకున్నది చేతికి వస్తే పరీక్షించి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

చెర్క్‌లీ బంగళాలో మూడు సమావేశాలు

1913 నాటికి పరిస్థితి ఇంకా ముదిరింది. స్వపరిపాలన చట్టం వస్తే తుపాకీ పడతామని ఉత్తరాన అల్‌స్టర్ ప్రొటెస్టంట్లు దళాలు కట్టారు. ప్రధాని ఆస్క్విత్, ప్రతిపక్ష నాయకుడు బోనర్ లా పార్లమెంటులో ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. అదే ఏడాది అక్టోబరు 14న ఇద్దరూ చాటుగా కలిశారు. చోటు, లండన్‌కు దక్షిణాన లెదర్‌హెడ్ దగ్గరున్న చెర్క్‌లీ కోర్ట్ అనే బంగళా. ఇల్లు కెనడా నుంచి వచ్చిన మాక్స్ ఐట్కెన్‌ది. నవంబరులో, డిసెంబరులో అదే ఇంట్లో మళ్లీ రెండుసార్లు కలిశారు. అప్పటికే ఐట్కెన్ డబ్బు డైలీ ఎక్స్‌ప్రెస్‌లో ఉంది. 1916లో ఆ పత్రిక ఆయన చేతికి వచ్చింది. మరుసటేడు ఆయన లార్డ్ బీవర్‌బ్రూక్ అయ్యాడు.

అల్‌స్టర్‌లో ఎన్ని జిల్లాలను విడదీయాలి అన్నదే ఆ ఇంట్లో చర్చ. ఐరిష్ జనం ఓటేసి గెలిపించిన పార్టీ నాయకుడు జాన్ రెడ్మండ్ ఆ గదిలో లేడు. టైరోన్, ఫర్మానా జిల్లాల రైతుల పొలాలు ఏ పాలన కిందికి వస్తాయో మాట్లాడుకున్న ఆ మూడు సమావేశాల సంగతి ఆ రైతులకు ఏ పత్రికా చెప్పలేదు. ఒప్పందం కుదరలేదు. 1914 వేసవిలో డైలీ మెయిల్ అధిపతి నార్త్‌క్లిఫ్ ప్రభువు తమ్ముడు, తానూ పత్రికాధిపతే అయిన రోథర్‌మియర్ కూడా రెండు పక్షాల మధ్య తిరిగాడు. జులై 21 నుంచి 24 దాకా రాజు బకింగ్‌హామ్ భవనంలో నాయకులందరినీ కూర్చోబెట్టినా, చర్చ ఆ టైరోన్, ఫర్మానాల దగ్గరే నిలిచిపోయింది. పది రోజులు తిరక్కుండానే ప్రపంచయుద్ధం మొదలైంది.

బీవర్‌బ్రూక్‌ను నేను పెద్దగా గౌరవించలేను. ఇల్లిచ్చాడు, భోజనం పెట్టాడు, రహస్యం కాపాడాడు. ఆ వ్యవహారంలో ఆయన పణంగా పెట్టింది ఏమీ లేదు.

డబ్లిన్‌లో విలియం మార్టిన్ మర్ఫీది మరో దారి. ట్రాముల కంపెనీ ఆయనది, 1905లో అర పెన్నీకి అమ్మడం మొదలుపెట్టిన ఐరిష్ ఇండిపెండెంట్ ఆయనది. 1913 ఆగస్టులో సమ్మెకు దిగిన ట్రాము కార్మికుల మీద యజమానులందరినీ కూడగట్టి, దాదాపు 20 వేల మందిని పనిలోంచి గెంటించింది ఆయనే. ఆకలితో ఉన్న కార్మికుల గురించి ఆయన పత్రిక ఏం రాసిందో ఊహించుకోవచ్చు. ఆ ఏడాదే లా చదవడానికి డబ్లిన్‌లో దిగినవాడు బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం దేశం విడిచి వెళ్లమంటే తిరిగొచ్చి రైల్వే కార్మికుల నాయకుడైన గిరి, తర్వాత రాష్ట్రపతి అయ్యారు. కార్మిక ఉద్యమం మీద తనకు మనసు పడింది డబ్లిన్‌లోనేనని ఆయన చెప్పుకున్నారు.

ఈస్టర్ తిరుగుబాటు సెగ మన మదనపల్లెకూ తగిలింది. బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కవి జేమ్స్ కజిన్స్ మద్రాసులో అనీబిసెంట్ పత్రిక న్యూ ఇండియాలో పనిచేస్తూ తిరుగుబాటును మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. బిసెంట్ స్వయంగా హోం రూల్ నాయకురాలే అయినా ఆయనను పత్రికలోంచి తప్పించారు. కజిన్స్ మదనపల్లె కాలేజీకి వచ్చేశారు. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆయన ఆతిథ్యంలో ఉన్నప్పుడే. పత్రిక యజమాని తన రాజకీయ బేరానికి ఏది అడ్డమనుకుంటే దాన్ని తీసేస్తాడు. యజమాని ఎంత మంచివారైనా అంతే.

మర్ఫీ తెర వెనుక ఉండలేదు. 1916 వేసవిలో బ్రిటిష్ మంత్రి లాయిడ్ జార్జ్ తెచ్చిన విభజన ప్రతిపాదన మీద ఇండిపెండెంట్ రోజూ విరుచుకుపడింది. రెడ్మండ్ పార్టీ కుప్పకూలడంలో ఆ సంపాదకీయాల వాటా తక్కువది కాదు. 1917 జులై నుంచి 1918 ఏప్రిల్ దాకా ట్రినిటీ కాలేజీలో నడిచిన ఐరిష్ కన్వెన్షన్‌లో ఆయన సొంత పేరుతోనే సభ్యుడిగా కూర్చున్నాడు. ఆయన కార్మికులకు చేసినదాన్ని నేను క్షమించలేను. కానీ విభజన విషయంలో ఆయన ఎక్కడ నిలబడ్డాడో పాఠకుడికి తెలుసు.

టైమ్స్ గీసిన పటం

డబ్లిన్ శివారు చాపెలిజాడ్‌లో 1865లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్, అంటే నార్త్‌క్లిఫ్ ప్రభువు, డైలీ మెయిల్ పెట్టినవాడు. 1908లో టైమ్స్ కూడా ఆయన చేతికి వచ్చింది. పార్నెల్ మీద దొంగ ఉత్తరాలు వేసిన పత్రికే 1919 జులైలో ఐర్లండ్ సమస్యకు తన సొంత పరిష్కారాన్ని అచ్చేసింది. ఉత్తరానికి ఒక శాసనసభ, మిగతా దేశానికి మరొకటి, రెండింటి మీదా అఖిల ఐర్లండ్ పార్లమెంటు. మరుసటేడు వచ్చిన ప్రభుత్వ చట్టంలోనూ రెండు పార్లమెంట్ల ఆలోచనే ఉంది. 1920లో సైనికులు, బ్లాక్ అండ్ టాన్స్ పేరుతో వచ్చిన కొత్త పోలీసులు ఊళ్లు తగలబెడుతున్నప్పుడు ఆ ప్రతీకార దాడులను టైమ్స్ ఖండించింది. దానికి నేను నార్త్‌క్లిఫ్‌కు దండం పెడతాను.

అయితే అప్పటికి ప్రధాని అయిన లాయిడ్ జార్జ్‌తో ఆయనకు పడదు. 1919 ఏప్రిల్‌లో ప్రధాని పార్లమెంటులోనే ఆయన అహంకారం జబ్బుగా మారిందని ఎగతాళి చేశాడు. శత్రువుల మధ్య నిలబడాల్సినవాడికి ప్రధానితోనే శత్రుత్వం ఉంటే రాయబారం సాగదు. 1921 జులైలో, ఐర్లండ్‌లో యుద్ధం ఆగిన కొద్దిరోజులకే, అక్కడ రక్తపాతం ఆపమని రాజు మంత్రులను హెచ్చరించాడంటూ అమెరికాలో ఒక ఇంటర్వ్యూ వచ్చింది. నార్త్‌క్లిఫ్ పేరు మీద వచ్చిన ఆ మాటలు నిజానికి ఆయన సంపాదకుడు విక్‌హామ్ స్టీడ్‌వి. రాజు అలా అనలేదని లాయిడ్ జార్జ్ పార్లమెంటులో ప్రకటన చదవాల్సి వచ్చింది.

కోప్, ఫిట్జ్‌జెరాల్డ్, మాట మోసినవాళ్లు

ఇప్పుడు మళ్లీ ఫిట్జ్‌జెరాల్డ్ దగ్గరికి వద్దాం. ఐరిష్ పార్టీ 1918 డిసెంబరు ఎన్నికల్లో తుడిచిపెట్టుకుపోయింది. 105 సీట్లలో షిన్ ఫేన్‌కు 73, పాత పార్టీకి ఐర్లండ్‌లో ఆరు. పాత పార్టీని నమ్ముకున్న ఫ్రీమన్స్ జర్నల్ అప్పుల్లో మునిగి 1919లో అమ్మకానికి వచ్చింది. ఫిట్జ్‌జెరాల్డ్, ఎడ్వర్డ్స్ కొన్నారు. కొన్న కొన్నాళ్లకే, ఆ డిసెంబరులో, సైన్యం దాన్ని కొన్ని వారాల పాటు మూయించింది.

1920లో లండన్ నుంచి ఆల్‌ఫ్రెడ్ కోప్ అనే అధికారి డబ్లిన్ క్యాజిల్‌కు వచ్చాడు. అంతకుముందు కస్టమ్స్ శాఖలో స్మగ్లర్లను పట్టుకున్నవాడు. ఎలాగైనా షిన్ ఫేన్‌తో దారి వేయమన్నది అతనికిచ్చిన పని. తమ మనుషులను కాల్చిచంపుతున్నవాళ్లతో మాట్లాడుతున్నాడని క్యాజిల్‌లోని సైనికాధికారులు అతన్ని అనుమానించారు. నేరుగా మాట్లాడే దారి లేనప్పుడు కోప్‌కు పనికొచ్చినవాళ్లలో ఫిట్జ్‌జెరాల్డ్ ముఖ్యుడు. క్యాజిల్ అధికారి మార్క్ స్టర్జిస్ రాసుకున్న డైరీలో ఆయన ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది. ఊళ్లో కర్ఫ్యూ ఉన్నా, పత్రికాఫీసులో రాత్రంతా దీపం వెలగడం మామూలు. అందరితో పరిచయం ఉన్న మనిషిని అనుమానించడం కష్టం.

అమెరికా పత్రికల మనుషులూ అదే పనిలో ఉన్నారు. ఫిలడెల్ఫియా పబ్లిక్ లెడ్జర్ విలేకరి కార్ల్ ఆకర్మన్ తిరుగుబాటు నాయకుడు మైకేల్ కాలిన్స్‌ను ఇంటర్వ్యూ చేశాడు, లండన్‌లో గూఢచారి పోలీసుల పెద్ద బాసిల్ థామ్సన్‌తోనూ మాట్లాడాడు. ఇద్దరి మధ్యా కబుర్లు తీసుకెళ్లాడు. షికాగో ట్రిబ్యూన్ లండన్ ప్రతినిధి జాన్ స్టీల్, గాల్వే వ్యాపారి పాట్రిక్ మోయ్‌లెట్‌ను బ్రిటిష్ విదేశాంగ శాఖ అధికారులకు పరిచయం చేశాడు. 1920 నవంబరు 21న డబ్లిన్‌లో రక్తం పారాక కూడా ఆ దారులు పూర్తిగా మూసుకుపోలేదు. ఆయుధాలు ముందు అప్పగించాలని లండన్ పట్టుబట్టడంతో డిసెంబరులో జరిగిన సంధి ప్రయత్నం మాత్రం చెడింది. ఆరు నెలలు గడిచాయి, ఇంకా ఎందరో చచ్చారు. 1921 జులై 11 మధ్యాహ్నం పన్నెండింటికి తుపాకులు ఆగాయి.

అక్టోబరు 11న లండన్‌లో చర్చలు మొదలయ్యాక ముందుకొచ్చినవాడు మాంచెస్టర్ గార్డియన్ యజమాని, సంపాదకుడు సి.పి. స్కాట్. 1872 నుంచీ సంపాదకుడు. ఐర్లండ్ స్వపరిపాలన కోసం ముప్ఫై అయిదేళ్లు పోరాడినవాడు. బ్లాక్ అండ్ టాన్స్ దౌర్జన్యాల మీద లాయిడ్ జార్జ్‌తో స్నేహమే తెగిపోయింది. ప్రధాని పిలిస్తే మళ్లీ వెళ్లాడు. చర్చల సమయంలో ప్రధానినీ కలిశాడు, కాలిన్స్‌నీ కలిశాడు. ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి చెప్పాడు. వాస్తవం పవిత్రమని అదే ఏడాది మే నెలలో తన పత్రిక నూరేళ్ల పండగ వ్యాసంలో రాసినవాడు, తాను విన్న వాస్తవాలను డైరీలో దాచుకున్నాడు. ఆ డైరీలు 1970లో పుస్తకంగా వచ్చాయి. స్కాట్ నిజాయితీని నేను శంకించను. తాను సంధి కోసం పాటుపడుతున్నాననే నమ్మాడు. కానీ రాజీ కుదరాలన్న ఆరాటంలో, ప్రధాని మాటలను ఐరిష్‌వాళ్లకు వినిపించే గొంతు అయ్యాడు.

డిసెంబరు 6 తెల్లవారుజామున, రెండు దాటాక, ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఫ్రీమన్స్ జర్నల్ ఆ ఒప్పందాన్ని ఎంత గట్టిగా వెనకేసుకొచ్చిందంటే, వ్యతిరేకించినవాళ్లను దుర్భాషలాడింది కూడా. మార్చిలో సుత్తులు పడ్డాక సైక్లోస్టైల్ కాగితాల మీదైనా పత్రిక వెలువడింది. ఏప్రిల్‌లో మళ్లీ అచ్చుకెక్కింది. కొత్త ప్రభుత్వం ఫిట్జ్‌జెరాల్డ్‌ను సెనేటర్‌ను చేసింది. రాయబారికి బహుమతి అందడం నాకు నచ్చలేదు. అయినా ఈ కథలో జైలుకు వెళ్లి, యంత్రాలు కూడా పోగొట్టుకున్న రాయబారి ఆయనొక్కడే.

న్యూయార్క్ వారపత్రిక

డెబ్భై ఏళ్ల తర్వాత అదే పని మళ్లీ ఒక పత్రిక యజమాని మీద పడింది. టిప్పరరీలో పుట్టి అమెరికా వెళ్లిన నియల్ ఓడౌడ్ 1985లో ఐరిష్ అమెరికా పత్రిక, 1987లో న్యూయార్క్ నుంచి ఐరిష్ వాయిస్ వారపత్రిక పెట్టాడు. 1993లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వానికీ షిన్ ఫేన్‌కూ మధ్య దారి లేదు. ఓడౌడ్ సెనేటర్ కెనడీ సహాయకురాలు ట్రీనా వార్గోకు చెప్పేవాడు, ఆమె శ్వేతభవనంలో నాన్సీ సోడర్‌బర్గ్‌కు చేరవేసేది. 1993 సెప్టెంబరులో మాజీ కాంగ్రెస్ సభ్యుడు బ్రూస్ మోరిసన్, వ్యాపారులు బిల్ ఫ్లిన్, చక్ ఫీనీలతో కలిసి బెల్‌ఫాస్ట్ వెళ్లాడు. వాళ్లున్న వారం రోజులూ ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ ప్రకటించకుండానే కాల్పులు ఆపింది. మాట నిలబెట్టుకోగలమని అమెరికాకు చూపించడం దాని ఉద్దేశం. 1994 జనవరి 30న షిన్ ఫేన్ నాయకుడు జెర్రీ ఆడమ్స్‌కు 48 గంటల అమెరికా వీసా దొరికింది. ఆగస్టు 31న కాల్పుల విరమణ వచ్చింది. 1996 ఫిబ్రవరిలో లండన్ కానరీ వార్ఫ్ బాంబుతో అది తెగింది. మళ్లీ అతుక్కుని 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందానికి దారితీసింది.

ఓడౌడ్ దాచిన సంగతుల వల్ల ప్రాణాలు నిలిచాయి. బెల్‌ఫాస్ట్ వీధుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల ముందు నిలబడి, పాఠకుడికి ముందే ఎందుకు చెప్పలేదని ఆయనను నేను నిలదీయలేను. 1913 చెర్క్‌లీలో దాచిన సంగతుల గురించి మాత్రం తప్పకుండా అడుగుతాను. ఆ గదిలో మాట్లాడుకున్న విభజనే తర్వాత దేశానికి సరిహద్దు అయింది. ఆ సరిహద్దును జనం ఇష్టం ప్రకారం సవరించాల్సిన సంఘం నివేదిక వివరాలు 1925 నవంబరు 7న లండన్ మార్నింగ్ పోస్ట్‌కు ఎక్కాయి. డబ్లిన్ ప్రభుత్వం గందరగోళంలో పడింది. డిసెంబరు 3న మూడు ప్రభుత్వాలూ కూర్చుని, గీతను ఉన్నచోటే ఉంచి, నివేదికను అటకెక్కించాయి. అది 1969 దాకా జనం కంటపడలేదు.

ఫ్రీమన్స్ జర్నల్ అప్పటికి లేదు. 1924 డిసెంబరు 19న ఆఖరి సంచిక వచ్చింది. ఫిట్జ్‌జెరాల్డ్ 1927లో చనిపోయాడు. 161 ఏళ్లు బతికిన ఆ పత్రిక పేరును కొనుక్కున్నది మర్ఫీ స్థాపించిన ఇండిపెండెంట్.